నీటిలెక్క : గృహిణులు చేయదగిన శాస్త్రసేవ



తుంగతుర్తి ప్రాంతమున బతుకమ్మ పండుగ దినములలో స్త్రీలు పూలపళ్లెములతో చెరువుగట్టున కేగుదురు. పూలను నీట విడుచుటకు వంగిన ప్రతి యిల్లాలికిని ఒక సంగతి స్పష్టముగా తెలియును. నిరుడు నీరు ఏ రాతివరకు నుండెను, ఈ యేడు ఎన్ని యడుగులు దిగవలసివచ్చెను, చెరువు మత్తడి దూకినదా లేదా అను వివరము లామె కన్నులలో నిలిచియుండును. చేదబావి యున్న యిండ్లలో వేసవి ముదిరినకొలది తాటికి మరియొక బార ముడివేయునది ఇల్లాలే. నీటి రంగు మారినను, రుచి మారినను, పప్పు ఉడుకక మొండికెత్తినను ముందుగా కనిపెట్టునది ఆమెయే. అయినను ఆ జ్ఞానము ఆమెతోనే పుట్టి ఆమెతోనే పోవుచున్నది. దానిని ఎవరును అడుగరు. ఆమెయు ఎచ్చటను వ్రాసియుంచదు.

వ్రాయని జ్ఞానము సభలో నిలువదు. బావులలో నీరు తగ్గిపోవుచున్నదని పదిమంది స్త్రీలు చెప్పినను, ప్రతి వేసవియందును ఇంతేకదా యని పెద్దలు త్రోసివేయుదురు. అదే మాటను, ఫలాని తేదీన నీరు ఆరు మీటర్ల లోతున నుండెను, రెండు నెలలకు తొమ్మిది మీటర్లకు దిగెను అని కాగితముపై చూపినచో త్రోసివేయుట కష్టము. ఇట్లు చూచినదానిని వ్రాసియుంచు పనికి మన చేతిలోని మొబైలు ఫోను ఎట్లు తోడ్పడునో, అందు మనము పడవలసిన జాగ్రత్త యెట్టిదో ఈ వ్యాసమున విన్నవింతుము.

ఫోనులో ఒక్కొక్క పనికై ఏర్పరచిన సాధనమును యాప్ అందురని మన పాఠకురాండ్రకు తెలిసినదే. పాటలు వినుటకును, డబ్బు పంపుటకును యాప్‌లున్నట్లే, వానను, నీటిని, చెట్లను, పక్షులను గమనించి వ్రాయుటకును యాప్‌లున్నవి. శాస్త్రజ్ఞులు కాని సామాన్యజనులు శాస్త్రమునకై చేయు నిట్టి పరిశీలనకు పౌరశాస్త్రమని పేరు. పేరు క్రొత్తదిగాని పని పాతది. ఇంగ్లండులో జార్జి జేమ్సు సైమన్సు అను నతడు 1860 లో దేశమునందలి వానలెక్కలను కూర్చుట కారంభించెను. అతడు 1900 లో మరణించునాటికి మూడువేలకు పైగా స్థలములలో జనులు తమ పెరటిలోని వానను కొలిచి అతనికి వ్రాసి పంపుచుండిరి. వారిలో ఇల్లాండ్రును ఉండిరి. ఆ విధముగా పోగుపడిన పాత కాగితములు దాదాపు 65,000 పుటలు దస్త్రములలో మూలబడియుండగా, 2020 లో కరోనా వ్యాధివలన జనులు ఇండ్లలో చిక్కుకొన్న సమయమున, 16,000 మంది స్వచ్ఛంద సేవకులు ఇంటనే కూర్చుండి ఆ పుటలలోని అంకెలను 16 దినములలో కంప్యూటరున కెక్కించిరి. వాతావరణము ఎట్లు మారినదో తెలిసికొనుటకు నేడు శాస్త్రజ్ఞులు ఆ లెక్కలనే ఆధారముగా గొనుచున్నారు. వంటపని ముగించుకొని పెరటిలోనికి పోయి ఒక స్త్రీ వ్రాసిన చిన్న యంకె నూరేండ్ల తరువాతను పనికివచ్చెను!

ఇట్టి లెక్క ప్రాణరక్షకును సంబంధించినదే యనుటకు మరియొక నిదర్శనము గలదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున ఫోర్టు కాలిన్సు అను పట్టణమున 1997 జూలై 28 వ తేదీ రాత్రి ఘోరమైన వరద వచ్చి ఐదుగురు మరణించిరి. ఆ పట్టణమున ఒక ప్రక్క పదునాలుగు అంగుళములకు మించి వాన కురియగా, మరియొక ప్రక్క రెండంగుళములే కురిసెను. కొలది మైళ్లలోనే ఇంత భేదము! యంత్రము ఒక చోట నున్నంత మాత్రమున ఊరంతటి వాన తెలియదని అప్పుడు అక్కడివారికి బోధపడెను. మరుసటి సంవత్సరమే వారు ఇంటింట వానను కొలుచు వారి సంఘమును స్థాపించిరి. అది నేడు ఆ దేశమంతటను వ్యాపించినది. సభ్యులు ప్రతి యుదయము తమ వానను ఫోనులోని యాప్ ద్వారా తెలుపుచున్నారు.

ఇది యంతయు పరదేశముల ముచ్చట యని తలపవలదు. మన నల్లగొండ సీమయే ఈ విద్యలో లోకమునకు పాఠము చెప్పినది. 2003 మొదలుకొని కొన్ని సంవత్సరములు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకము అను నొక గొప్ప ప్రయత్నము నడచెను. దానికి నెదర్లాండ్సు ప్రభుత్వమును, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థయు సాహాయ్యము చేసినవి. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ, ప్రకాశము అను ఏడు కరవు జిల్లాలలో అది జరిగెను. సూర్యాపేట వేరు జిల్లా అయినది 2016 లోనే గనుక, తుంగతుర్తి నాడు నల్లగొండ జిల్లాలోనిదే.

ఈ ప్రాంతపు నేల క్రింద గట్టి రాతిపొర యున్నది. వాననీరు ఆ రాతిపై చివికిన పొరయందును, బీటలయందును మాత్రమే నిలుచును. అది సముద్రము వంటిది కాదు. ఇంటిలోని నీళ్లతొట్టి వంటిది. ఒక రైతు బోరు లోతుచేసినచో ప్రక్కవాని బోరు ఎండును. ఈ రహస్యమును ఉపన్యాసములచే గాక, రైతులు తామే కొలిచి తెలిసికొనుటయే ఆ పథకము ముఖ్యోద్దేశము. స్త్రీలును పురుషులును కలిసి ప్రతిదినము వానను కొలిచిరి. పక్షమున కొకమారు బావులలో నీటి లోతును కొలిచిరి. బోరు ఎంత నీరు పోయుచున్నదో డ్రమ్ము పెట్టి గడియారము చూచి లెక్కించిరి. ఆ యంకెలను ఊరి నడుమ పలకపై వ్రాసిరి. యాసంగి పంటకు ముందు అందరును కూడి, నేలలో ఇంత నీరున్నది, మనము వేయదలచిన పంటల కింత కావలెను అని, ఇంటి జమాఖర్చు వేసినట్లు వేసిరి. వరి వేయవలదని ఎవరును ఆజ్ఞాపింపలేదు. లోటు కంటికి కనబడగా అనేక గ్రామములలో రైతులు తామే వరిని తగ్గించి తక్కువ నీటి పంటల వైపునకు మరలిరి.

ఇందులో మనము గ్రహింపవలసిన ధర్మసూక్ష్మ మొకటి గలదు. ఆ లెక్క పట్టణమునకు పోయి అచ్చటనే నిలిచిపోలేదు. కొలిచినవారి కన్నులయెదుటనే పలకపై నిలిచెను. చూచినది వ్రాసినగాని శాస్త్రము కాదు. వ్రాసినది మరల ఊరికి రానిదే ఊరికి బలము కాదు. యాప్ ఎంత గొప్పదైనను ఈ కొలతతోనే దానిని తూచవలెను.

ఇక త్రాగునీటి సంగతి. నల్లగొండ పేరు చెప్పిన ఫ్లోరైడు జ్ఞాపకము వచ్చుట ఎంతకాలముగానో ఉన్నది. ఈ రాతినేలలోని ఫ్లోరైడు బావినీటిలో కలిసి, దానిని త్రాగిన బిడ్డల పండ్లకు గోధుమరంగు మచ్చలు తెచ్చెను. ఏండ్ల తరబడి త్రాగినవారి యెముకలను వంచి, నడుములను బిగించి, ఎందరినో మంచమున పడవేసెను. నీటియందలి ఫ్లోరైడును పటికతోను సున్నముతోను విరిచి తేర్చు పద్ధతిని నాగపూరు పరిశోధనాలయమువారు కనిపెట్టగా, దానికి నల్లగొండ విధానమనియే ప్రపంచమున పేరు వచ్చెను. ఆ కీర్తి మన తల్లుల బాధనుండి పుట్టినది. 2016 లో ఆరంభమైన మిషన్ భగీరథవలన కృష్ణా గోదావరీ జలములు కుళాయిల ద్వారా గ్రామములకు చేరి ఈ బాధ బహుళముగా తగ్గినది. కాని కుళాయి రాని దినమున, పొలముపనిలో దాహమైన వేళ, బోరునీరే దిక్కగుట కద్దు.

మన ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపుగా నుండుట మేలు; వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములు హద్దు. ఈ దోషము కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కాచినను పోదు, పైగా నీరావిరి పోయినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. కాచుటవలన చచ్చునవి క్రిములే. ఈ భేదమును ప్రతి గృహిణియు తెలిసియుండవలెను.

కంటికి కనబడనిదానిని కనబడునట్లు చేయుటకే పరీక్షపెట్టె లున్నవి. 2019 ఆగస్టు 15 న ప్రకటింపబడిన జల జీవన మిషను నియమములలో, ప్రతి గ్రామమునను ఐదుగురు స్త్రీలకు ఈ పరీక్ష నేర్పవలెనని యున్నది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు, మహిళాసంఘ సభ్యురాండ్రు మున్నగువారిని ఇందుకు ఎన్నుకొందురు. గాజుగొట్టములో నీరు పోసి మందుచుక్కలు వేసి, వచ్చిన రంగును రంగుపటముతో పోల్చిచూచిన ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు, క్లోరిను మున్నగునవి ఎంత గలవో తెలియును. క్రిముల పరీక్షకు వేరొక బుడ్డి యుండును. అందు పోసిన నీరు ఒకటి రెండు దినములలో నల్లబడినచో మురుగు కలిసినదని గుర్తు. ఈ ఫలితములను పరీక్షించిన స్త్రీయే ఫోనులోని యాప్ ద్వారా ప్రభుత్వపు జలనాణ్యతా పట్టికలో చేర్చవచ్చును. ఈ పట్టిక 2021 లో ఏర్పడినది.

మందుచుక్కలు వేయుట మన యిల్లాండ్రకు కష్టమా? చారులో ఉప్పు చాలినదో లేదో వాసననుబట్టి చెప్పగలవారు, పాకము తీగ వచ్చినదో లేదో వ్రేళ్లతో చూడగలవారు రంగు భేదమును గుర్తింపలేరా? కష్టము పరీక్షలో లేదు. మీ గ్రామమున ఆ ఐదుగురు ఎవరో, పెట్టె ఎచ్చట నున్నదో, మందుల గడువు తీరినదో లేదో అడుగుటలోనే యున్నది. ఆ ప్రశ్న మహిళాసంఘపు కూటమిలో అడుగుడు. పెట్టె పరీక్ష తుదితీర్పు కాదనియు జ్ఞాపకముంచుకొనుడు. దోషము కనబడిన నీటిని మరల ప్రయోగశాలకు పంపి నిర్ధారింపవలెను; అంతవరకు ఆ నీటిని త్రాగుటకు, వంటకు వాడకుండుట వివేకము.

నీటి లేమివలె నీటి పెంపును ఆపదయే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానను సూర్యాపేట, ఖమ్మము, మహబూబాబాదు జిల్లాలవారు ఇప్పట్లో మరువజాలరు. కోదాడలో వీధులు వాగులైనవి. నడిగూడెము మండలమున సాగరు ఎడమకాలువకు గండిపడి నీరు పొలములపై బడెను. ఖమ్మమున మున్నేరు పొంగి ఇండ్లపైకి వచ్చెను. ఇట్టి రాత్రి ఎగువ ఊరిలో వాన ఎంత పడినది, వాగు ఏ మట్టమున పారుచున్నది అను వార్త దిగువ ఊరికి రెండు గంటలు ముందుగా చేరినచో, ముసలివారిని, పసివారిని, పశువులను మెరకకు చేర్చుకొన వీలగును గదా! ప్రభుత్వపు యంత్రములు మండలమునకు కొన్నిచోట్ల నుండి వానను లెక్కించుచున్నవి. కాని ఫోర్టు కాలిన్సువారికి తెలిసిన పాఠమే మనకును తెలియవలెను. వాగు ఎట్లు పారుచున్నదో వాగుగట్టు ఇంటివారికే ముందు తెలియును.

ఆపదను ముందుగా తెలుపు యాప్‌లు కొన్ని గలవు. పిడుగుల విషయమున పూనాలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారు దామిని అను యాప్ నిర్మించిరి. మన మున్నచోటికి 20 మొదలు 40 కిలోమీటర్ల దూరమున పిడుగులు పడుచున్నచో అది హెచ్చరించును. 2022 వ సంవత్సరమున మన దేశములో పిడుగుపాటున మరణించినవారు 2,887 మంది యని ప్రభుత్వ లెక్క. నాట్లు వేయుచు, కలుపు తీయుచు బయలున నుండు స్త్రీల కిది ముఖ్యము. పదిమంది కూలిస్త్రీలలో ఒక్కరి చేతనైనను ఈ యాప్ గల ఫోనుండి, ఆమె పిలిచినంతనే అందరును పొలము విడిచి పక్కాయింటిలోనికి పోవు కట్టుబాటు ముందుగా చేసికొనవలెను. చెట్టుక్రింద నిలుచుట ప్రమాదకరము. జాతీయ విపత్తు నివారణ సంస్థవారి సచేత్ అను యాప్ వరద, తుపాను, వడగాలి మున్నగువాని హెచ్చరికలను తెలుపును.

ఇంటనే యారంభింపదగిన పనిని చెప్పెదము. నిలువుప్రక్కలు గల వెడల్పుమూతి గాజుసీసా నొకదానిని తీసికొనుడు. అడుగు చదునుగా, మూతియు అడుగును సమానమైన వెడల్పుగా నుండవలెను. గోడలకు, చెట్లకు దూరముగా తెరపి చోట నిలిపి, గాలికి పడకుండ చుట్టును ఇటుకలు పెట్టుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు నీటి యెత్తును మిల్లీమీటర్ల స్కేలుతో కొలిచి, తేదీతో వ్రాసి, పారబోయుడు. వాన లేని నాడు సున్న వ్రాయుడు, సున్నయు లెక్కయే. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరున కొక లీటరు నీరు. 50 చదరపు మీటర్ల డాబాపై 20 మిల్లీమీటర్ల వాన కురిసిన 1,000 లీటర్లు పడినట్లు. ఈ చిన్న గుణకారము చేసిన ఇల్లాలు డాబానీటిని వీధిలోనికి పోనిచ్చుటకు మనసొప్పదు.

బావియున్నచో తాటికి చిన్న బరువు కట్టి పదునైదు దినముల కొకమారు నీటి లోతును కొలువుడు. కేంద్రప్రభుత్వమువారు 2022 సెప్టెంబరులో జలదూత్ అను యాప్ ప్రారంభించి, గ్రామమున రెండు మూడు బావుల మట్టమును వానలకు ముందొకమారును, వెనుకొకమారును కొలిచి అందు చేర్పవలెనని యేర్పరచిరి. అది ఉద్యోగులు చేయు పని. అయినను మీ పుస్తకములోని యంకె ప్రక్కన ఆ యంకె నిలిపి చూచుకొనుట మీ హక్కు. చెట్లపై ఆసక్తి గలవారికి సీజన్‌వాచ్ గలదు. అందు మీ యింటి వేపచెట్టు ఎప్పుడు చిగిర్చినది, మామిడి ఎప్పుడు పూచినది వారమువారము వ్రాయవచ్చును. పక్షుల కొరకు ఈబర్డ్ గలదు. పిల్లలకు సెలవులలో ఇంతకన్న మంచి వినోదము లేదు.

ఇంతయు చెప్పినతరువాత ఒక చేదుమాట చెప్పక తప్పదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను ఫోను గలవారు నూటికి 54 గురే యని తేలినది. ఫోను మగవారితో పొలమునకో పట్టణమునకో పోయిన, హెచ్చరిక ఎవరికి మ్రోగును? నీటిని మోయునది ఒకరు, నీటివార్త చేరునది మరియొకరికి! కనుక ఇంటిలో నుండువారి చేత ఒక ఫోనుండుట విలాసము కాదు, రక్షణయని పురుషులును గుర్తింపవలెను. ఫోను లేని యిండ్లను ఏ యింటివారు పిలిచి చెప్పవలెనో వాడవారీగా పంచుకొనవలెను. చదువురాని ముసలమ్మకు నలువదేండ్ల చెరువుచరిత్ర జ్ఞాపకముండును. అత్తమ్మ చెప్పగా కోడలు వ్రాయవచ్చును, బడికిపోవు మనుమరాలు ఫోనున కెక్కింపవచ్చును. మూడుతరముల స్త్రీలు ఒక పనిలో కూడుటకంటె అందమేమున్నది?

జాగ్రత్తలును కొన్ని గలవు. యాప్ ఎవరు నడుపుచున్నారో తెలియక చేరవలదు. వానలెక్కకు మీ బ్యాంకు వివరములు అక్కరలేదు. అడిగినచో అది మోసము. పిల్లల ముఖములు కనబడు ఛాయాచిత్రములు పంపవలదు. వరదనాడు విన్నమాటను కన్నమాటగా పంపుట మహాపాపము. ఎచ్చట, ఏ గంటకు, స్వయముగా ఏమి చూచితిమో అంతమాత్రమే తెలుపవలెను. తప్పు వ్రాసినచో కొట్టివేసి సరిదిద్దవలెను. అందముకొరకు అంకెను మార్చరాదు. ఫోను పోయినను లెక్క పోకుండ ఒక నోటుపుస్తకము వంటింటి అలమారులో ఉంచుకొనుడు.

అన్నిటికంటె ముఖ్యముగా, నెలకొకమారు మహిళాసంఘమున ఆ పుస్తకమును చదివి వినిపింపుడు. వాన ఎంత, బావి ఎంత, కుళాయి ఎన్నినాళ్లు వచ్చెను, పరీక్షలో ఏమి తేలెను అను నాలుగు వాక్యములు చాలును. ఆ వాక్యములు గ్రామసభకు పోవలెను. అంకెలు మాత్రమే నీటిని తెచ్చునని మేము చెప్పము. అడుగువారు లేని యంకె ఫోనులోనే నిద్రించును. అడుగు ధైర్యము గల స్త్రీల చేతిలో అంకె యుండినచో, ఇంతేకదా యని త్రోసివేయుట ఎవరికిని సాధ్యము కాదు.

మృగశిర కార్తె వచ్చినప్పుడు రైతులు నాగళ్లు సవరించుకొందురు. మన మొక సీసాను, ఒక పుస్తకమును, ఒక కలమును సవరించుకొందము. మరల బతుకమ్మనాడు చెరువునకు పోవునప్పటికి, నిరుటికంటె నీరెంత తగ్గినదో హెచ్చినదో మన కన్నులలోనే గాక మన పుస్తకమునందును ఉండవలెను.